ఆరు మంచాలకొక సోదరి

సువార్త పెట్టుకున్న అర్జీకి మూడేళ్ళ తరవాత జవాబు వచ్చింది. రాదనుకున్న ఉత్తరం వస్తే ఎవరికైనా సంతోషమే కదా, ఆవిడ చేతులు సబ్బుతో కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ విప్పి చదివింది.

"అదనముగా ఎనిమిది మంది సోదరీమణులు కావలెనని తమరు సమర్పించిన అర్జీ కూలంకషముగా పరిశీలించడమైనది. సదరు విషయము ఈ కార్యాలయ పరిధిలోనికి రాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. అర్జీదారు ఈ విషయమై తమ తల్లిదండ్రులను సంప్రదించవలెను."

ఆవిడ మళ్ళీ చదివింది. తండ్రి పోయి పదకొండేళ్ళయింది. తల్లికి డెబ్భై నాలుగు. ఎంత ప్రభుత్వ ఉత్తర్వయినా ఆ పెద్దావిడ దగ్గరికెళ్ళి ఆ మాట ఎలా అడగడం?

చింతలమెరక ప్రభుత్వ దీర్ఘకాలిక శుశ్రూషాలయంలో అరవై మంచాలు. అక్కడికొచ్చేవాళ్ళు రెండు రోజులుండి పళ్ళూ బ్రెడ్డూ తిని ఇంటికి పోయే బాపతు కాదు. పక్షవాతం వచ్చినవాళ్ళు, వెన్ను విరిగినవాళ్ళు, పెద్దాసుపత్రులు 'మా వల్ల అయ్యేది అయిపోయింది' అని పంపేసినవాళ్ళు. అరవై మందికీ నర్సులు ఇద్దరు. పగలు సువార్త, రాత్రి కళావతి. రూలు ప్రకారం ఆరు మంచాలకొక నర్సు చొప్పున పదిమంది ఉండాలి. అందుకే ఆవిడ అప్పట్లో తిన్నగా, తెలిసిన భాషలో రాసింది: ఇంకో ఎనిమిది మంది సిస్టర్లు కావాలి.

మన దగ్గర నర్సుని నర్సు అని పిలిచేవాడు లేడు. జీతం కాగితం మీద స్టాఫ్ నర్సు, వార్డులో సిస్టరు, పేషెంట్ల నోట్లో సిస్టరమ్మ. సువార్తకి ఆదివారం కూడా సెలవు లేదు, చర్చిలో సహోదరి. ఇరవై రెండేళ్ళుగా అలా పిలిపించుకుని ఆ మాటకి ఇంకో అర్థముందనే సంగతే మర్చిపోయింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఈ మూడేళ్ళలో వాళ్ళ శాఖకి తెలుగు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రేమ మంచిదే, ఎవరొద్దన్నారు. కానీ శాఖలకి ప్రేమ పుడితే అది ఉత్తర్వు రూపంలోనే పుడుతుంది. జాయింట్ డైరెక్టర్ ఉమాపతిగారు ముందు తన గది మీద బోర్డు మార్పించుకుని సంయుక్త సంచాలకులయ్యారు. ఆ తరవాత, ఇంగ్లీషు మాట ఒక్కటి కనిపించినా ఫైలు వెనక్కి పంపేస్తామని జిల్లా అంతటికీ సర్క్యులరు, అదే, పరిపత్రం పంపారు.

చింతలమెరకలో ఆ యజ్ఞం సీనియర్ అసిస్టెంటు గవర్రాజు చేతిలో పడింది. గవర్రాజు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఎవరో ఒకరు ఆపేవాళ్ళు. బల్ల మీద నిఘంటువు, చెవి మీద ఎర్ర పెన్నూ పెట్టుకుని, చిత్తశుద్ధితో, పాత ఫైళ్ళు కూడా తిరగేశాడు. బెడ్‌పాను శయ్యాపాత్ర అయింది. సెలైను లవణజలధార అయింది. సిస్టరు సోదరి అయింది. ఆ ఊపులో అసలు రూలు కూడా మారిపోయింది: 'ప్రతి ఆరు మంచాలకు ఒక సోదరి ఉండవలెను.'

సువార్త ఉత్తరం పట్టుకుని ఆయన బల్ల ముందు నిలబడింది.

"ఏంటండీ గవర్రాజుగారూ ఇది? మా అమ్మనడగమంటారేంటండీ?"

"సంతకం సూపరింటెండెంటుగారిదండి."

"రాసింది మీరే కదా?"

"రాయడం వరకూ నేనేనండి," అన్నాడు వినయంగా.

"సిస్టరంటే నర్సండీ బాబూ. తోబుట్టువు కాదు."

గవర్రాజు నిఘంటువు మీద చెయ్యి వేశాడు. "నర్సు ఇంగ్లీషు మాటండి. సిస్టరూ ఇంగ్లీషు మాటేనండి. ఒక ఇంగ్లీషు మాటకి ఇంకో ఇంగ్లీషు మాట అర్థం రాస్తే ఫైలు తిరిగొచ్చేస్తదండి. కావాలంటే మళ్ళీ పెట్టుకోండి, పైకి పంపుతాను."

ఆవిడకి వాదించే తీరిక లేదు. పన్నెండవుతోంది. పన్నెండింటికి పద్దెనిమిదో మంచం తిప్పాలి.

పద్దెనిమిదో మంచం మీద సరంగు పోతరాజు. నలభై ఏళ్ళు గోదావరి మీద లాంచీ నడిపిన మనిషి. ఇప్పుడు పక్షవాతమొచ్చి, ఎడం చెయ్యి తప్ప ఇంకేదీ ఆయన మాట వినదు. కుడి తుంటి మీద అరచెయ్యంత పడకపుండు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెడితే అది మానుతుంది. తిప్పకపోతే ఎముకకి పట్టి, నెత్తుటికి పట్టి, మనిషిని పట్టుకుపోతుంది. ఆయన బరువు ఎనభై ఆరు కిలోలు. అటొకరూ ఇటొకరూ దుప్పటి పట్టుకుని ఎత్తి తిప్పాలి. సువార్త ఒక్కతే కాబట్టి మోకాలు మంచానికి ఆనించి దుప్పటి లాగేది. లాగితే తిరుగుతాడు. కానీ ఆ లాగుడులో పుండు పక్కకి రాసుకుని, వారం రోజుల్లో కొత్తగా వచ్చిన చర్మం కాస్తా లేచిపోతుంది. మాన్పేదీ ఆవిడే, రేపేదీ ఆవిడే. తిప్పిన ప్రతిసారీ ఆవిడకి ఏడుపొచ్చేది. ఆవిడకి కావలసింది నిజానికి పదిమంది కూడా కాదు. అవతల పక్క ఇంకొక జత చేతులు.

"ఇంకొకళ్ళు వస్తన్నారా సిస్టరమ్మా?" అని అడిగాడు పోతరాజు పంటి బిగువున.

"పైకి రాశారంట నాన్నా."

"పైనెవరున్నారో గానీ, ఆళ్ళకీ నాలాగే ఒళ్ళు తిరగదనుకుంటా," అన్నాడాయన.

పైకి వెళ్ళిన ఫైలుని ఉమాపతిగారు స్వయంగా చదివారు. 'ఆరు మంచాలకు ఒక సోదరి' అన్నచోట ఆగారు. పదిమంది ఉండవలసిన చోట ఇద్దరే ఉన్నారనడం ఆయనకి అనుమానం తెప్పించింది. అరవై మంది రోగులకి కలిపి ఇద్దరే సోదరీమణులా? గోదావరి జిల్లాలో? ఎక్కడో లెక్క తప్పారనుకుని, ప్రతి రోగికీ ఎందరు అక్కలో ఎందరు చెల్లెళ్ళో తక్షణమే నివేదించమన్నారు.

సూపరింటెండెంటు డాక్టర్ సదాశివమూర్తిగారికి ఆ ఉత్తర్వు అర్థం కాలేదు. అర్థం కాని ఉత్తర్వులు అమలు చెయ్యడం తేలికని ఆయన సర్వీసులో నేర్చుకున్నారు. "పైనుంచొచ్చిందమ్మా," అని సువార్తని పిలిచి అరవై ఫారాలు చేతిలో పెట్టారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు.

రెండు రోజులు ఫారాలతోనే సరిపోయింది. పెదనాన్న కూతుళ్ళు లెక్కలోకి వస్తారా, సవతి అక్కకి ఎన్ని మార్కులు అని ఒకటే సందేహాలు. నలభై రెండో మంచం మీది సీతమాలక్ష్మిగారు, చెల్లెలితో ముప్ఫయ్యేళ్ళుగా మాటల్లేవని, దాని పేరు రాస్తే మందులు మింగనని భీష్మించుకుంది. ఆ రెండు రోజుల్లో పోతరాజుని తిప్పవలసిన నాలుగు సార్లు తప్పిపోయాయి. పుండు కాస్త లోతయింది.

తేలిన లెక్క ఇది: అరవై మంది రోగులకీ సోదరీమణులు నూట నలభై ముగ్గురు. 'వీరిలో స్వర్గస్థులైన ముప్పది ఒక్కరు రాత్రి విధులకు అందుబాటులో ఉండగలరా అను విషయమై స్పష్టత కోరడమైనది' అని గవర్రాజు కింద ఒక సూచన రాశాడు. స్పష్టత ఇంతవరకూ రాలేదు.

జిల్లా కార్యాలయంలో సమీక్ష పెట్టారు. సువార్తని కూడా రమ్మన్నారు, అర్జీదారు కాబట్టి. ఉమాపతిగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా! మూడు సంవత్సరములుగా మనమొక అపోహలో బ్రతికితిమి. కొరత, కొరత అంటిమి. ఏది కొరత? పదిమంది కావలసిన చోట నూట పన్నెండుగురు సజీవ సోదరీమణులు కలరు! ఇది సిబ్బంది కొరత కాదు మిత్రులారా. బంధుత్వముల కొరత. నేటి నుండి 'సోదరీ సమృద్ధి' పథకమును ప్రారంభించుచున్నాము."

చప్పట్లు మోగాయి. సువార్త చెయ్యెత్తింది.

"సార్, నాకు కావాల్సింది నర్సులండి. ట్రైనింగయినవాళ్ళు. పుండు కట్టాలి, ముక్కులో గొట్టం వెయ్యాలి, ఎనభై కిలోల మనిషిని ఎత్తాలి..."

"అమ్మా," అన్నారాయన దయగా. "తోడబుట్టినవాడిని ఎత్తుటకు శిక్షణ యేల?"

చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

నోటీసులు అందుకున్న సోదరీమణులు వారం తిరక్కుండా దిగడం మొదలెట్టారు. ఆటోల్లో, బస్సుల్లో, మనవల మోటారు సైకిళ్ళ మీద. సగటు వయసు డెబ్భై ఒకటి. వాళ్ళలో పోతరాజు అక్క మంగమ్మ ఉంది, డెబ్భై ఎనిమిదేళ్ళది, చేతికర్రతో. తమ్ముడి మంచం పట్టుకుని కాసేపు తనివితీరా ఏడ్చింది. తరవాత కాగితం తీసి సువార్తకిచ్చింది.

"ఈడ్ని రెండు గంటలకోసారి తిప్పాలని రాశారంట కదమ్మా."

"అవునమ్మా."

"నేను కూకుంటే లెగలేను. నన్నెవరు తిప్పుతారు?"

అయినా పౌరుషం గల మనిషి. మూడో రోజు సువార్త అటు తిరిగిన సమయం చూసి, తమ్ముడి మీద ప్రేమ కొద్దీ తనే దుప్పటి పట్టుకుని లాగింది. తమ్ముడు కదల్లేదు. ఆవిడ కదిలింది. తుంటి ఎముక విరిగింది. అరవై ఒకటో మంచం వేశారు. ఆ వారంలోనే ఇంకో ఏడుగురు సోదరీమణులు బీపీ వచ్చీ కళ్ళు తిరిగీ అక్కడే మంచమెక్కారు. మిగతావాళ్ళు అది చూసి, హాజరు పట్టీలో వేలిముద్ర వేసి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. పట్టీలో ఉన్నారు కదా, చాలు.

రోగులు అరవై ఎనిమిది మందయ్యారు. సువార్త ఒక్కతే. కానీ గవర్రాజు లెక్కలో వేరే సంగతి బయటపడింది. కొత్తగా చేరిన ఎనిమిది మందికీ మళ్ళీ అక్కచెల్లెళ్ళు పంతొమ్మిది మంది ఉన్నారు. అంటే మనిషి మంచాన పడిన కొద్దీ నిష్పత్తి మెరుగవుతుంది. ఈ సంగతి విని ఉమాపతిగారు కుర్చీలోంచి లేచారట. ఇదే వేగంతో సోదరీమణులందరూ జబ్బు పడితే చింతలమెరక రాష్ట్రంలోనే ప్రథమ స్థానానికి వస్తుందని సూపరింటెండెంటుగారికి అభినందన పత్రం వచ్చింది. సదాశివమూర్తిగారు దాన్ని ఫ్రేము కట్టించారు.

ఆ వెనకే ఇంకో ఉత్తర్వు వచ్చింది. నిష్పత్తి పుష్కలంగా ఉంది గనక, ఏ రోగికీ సోదరి కాని వ్యక్తులు వార్డులో ఎందుకున్నారో తెలపాలి. ఫైలు తిరగేస్తే అలాంటివాళ్ళు ఇద్దరు తేలారు. సువార్త, కళావతి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఎనిమిది మందిని అడిగితే ఉన్న ఇద్దరూ మిగులు సిబ్బంది అయ్యారు. సాయంత్రం ఐదు లోపల ఆవరణ ఖాళీ చెయ్యాలి.

సువార్త కాగితం పట్టుకుని పద్దెనిమిదో మంచం దగ్గర స్టూలు మీద కూలబడింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు పోతున్నందుకు కాదు, ఆరింటికి ఈయన్ని ఎవరు తిప్పుతారన్నదే ఆవిడ బాధ. కాగితం తెచ్చిన గవర్రాజు అక్కడే తచ్చాడుతున్నాడు. ఆయనకీ బాధగానే ఉంది, రూలు దొరకడం లేదంతే. ఉన్నట్టుండి మొహం వెలిగింది.

"సిస్టరుగారూ! ఎవరన్నా రోగి మిమ్మల్ని సోదరి అని ధ్రువీకరిస్తే రూలు ఒప్పుకుంటదండి. ఒకే తల్లికి పుట్టాలని పరిపత్రంలో ఎక్కడా లేదు."

పోతరాజు ఎడం చెయ్యి పైకి లేచింది. "ఆ సిరాడబ్బా ఇలా తే. నా సెల్లని రాసుకో."

పక్క మంచం మీదాయన "నాకూ సెల్లే" అన్నాడు. ఆ పక్కావిడ "నాకు అప్ప" అంది. సీతమాలక్ష్మిగారు, "నా సొంత చెల్లెలి పేరు కొట్టేసి ఈవిడ పేరు రాయి," అంది. ఐదు గంటల లోపల అరవై ఎనిమిది బొటనవేళ్ళు సిరాలో మునిగాయి. రాత్రి కళావతికీ అదే పద్ధతి. ఆ వేలిముద్రలు చూస్తుంటే సువార్తకి కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. ఉద్యోగం నిలబడిందనే అనుకుంది, పిచ్చిది.

నిలబడింది ఉద్యోగం కాదు, చుట్టరికం. మర్నాడు వారపు సెలవు అడిగితే సదాశివమూర్తిగారు కొత్త కాగితం చూపించారు. సోదరప్రేమకు పనివేళలుండవు గనుక సోదరీమణులకు ఎనిమిది గంటల నియమం, వారపు సెలవు, జబ్బు సెలవు వర్తించవు.

"నేను పంతొమ్మిది రోజులై సెలవు తీసుకోలేదండీ."

"పైనుంచొచ్చిందమ్మా," అన్నారాయన. "అయినా మనమంతా ఒక కుటుంబం కదా. కుటుంబంలో డ్యూటీలేంటి?"

ఆ మాట ఆయన ప్రతి మీటింగులోనూ అనేదే. ఈసారి మాత్రం సువార్త చెవిలో గుచ్చుకుంది. తిన్నగా గవర్రాజు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"గవర్రాజుగారూ, ఉద్యోగి హక్కులు నాకు లేవన్నారు. సరేనండి. మరి ఇంటి ఆడపడుచుకి హక్కులేం లేవా? ఆడబిడ్డ అర్ధ మొగుడంటారు కదండీ ఊళ్ళో."

గవర్రాజు ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్ళలో తనని ఒక మంచి ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. "ఉంటాయండి. ఉండాలి. వెతకాలి," అన్నాడు. మూడు రోజులు పెద్దవాళ్ళనడిగి, నిఘంటువు తిరగేసి, ముసాయిదా తయారు చేశాడు. పండక్కి చీర, పసుపు కుంకుమలు ఇయ్యవలెనని రాసి, "కుంకుమ మీరు పెట్టుకోరు కదండీ, దానికి బదులు గాజులని రాయనా?" అని అడిగాడు. ముఖ్యమైన పేరా మాత్రం ఇది: 'పుట్టింటికి వచ్చిన ఆడపడుచును కూర్చుండబెట్టి మర్యాద చేయవలెను. ఆమెచే పని చేయించుట సంప్రదాయ విరుద్ధము. ఆమె కంట తడి పెట్టినచో ఇంటికి అరిష్టము. సదరు పనిని ఇంటివారే చేసుకొనవలెను.' సదాశివమూర్తిగారు చదవకుండా సంతకం పెట్టారు. ఉమాపతిగారు భాష బాగుందని మెచ్చుకుని సంతకం పెట్టారు.

ఆ తరవాతి సోమవారం ఉత్తమ నిష్పత్తి జ్ఞాపిక ఇవ్వడానికి ఉమాపతిగారు స్వయంగా వచ్చారు, ఫొటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని. సువార్త ఆ రోజు తెల్లారగట్ల ఐదింటికే వచ్చి, కళావతి వెళ్ళకముందే ఆవిడ సాయంతో కొందర్నీ, ఆ తరవాత ఒక్కతే కొందర్నీ తిప్పి, కట్లు కట్టి, గొట్టాల్లో పాలు పోసి, అందరి పనీ ముగించింది. పదింటికి, సరిగ్గా పోతరాజుని తిప్పవలసిన వేళకి, స్టూలు లాక్కుని కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో డ్యూటీలో అలా కూర్చోవడం అదే మొదలు.

బృందం పద్దెనిమిదో మంచం దాకా వచ్చింది.

"ఈమె ఎవరు? ఏల కూర్చున్నది?" అన్నారు ఉమాపతిగారు.

"ఆడపడుచునండి. పుట్టింటికొచ్చాను."

సదాశివమూర్తిగారికి చెమటలు పట్టాయి. "అమ్మా సువార్తా, లేమ్మా, సంయుక్త సంచాలకులవారమ్మా..."

"పెద్దన్నయ్యగారే కదండీ. రండి, మంచి సమయానికొచ్చారు. ఈయన్ని పది గంటలకి తిప్పాలండి. నేను ముట్టుకోకూడదని మీ ఉత్తర్వే ఉంది."

గవర్రాజు ఉత్తర్వు తీసి, గట్టిగా, ఒత్తులు పోకుండా చదివాడు. సంతకం దగ్గర వేలు పెట్టి చూపించాడు కూడా. ఉమాపతిగారికి ఎన్నో లోపాలుండొచ్చు గాని తన సంతకాన్ని తానే అగౌరవపరిచే మనిషి కారు. పైగా ఫొటో తీసేవాడు అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా గురి పెట్టాడు.

"తప్పక!" అని చొక్కా చేతులు మడిచారు. "తోడబుట్టినవానిని ఎత్తుటకు..." అని ఏదో అనబోయి ఆపేశారు.

ఆయన ఒక పక్క, సూపరింటెండెంటూ గవర్రాజూ ఇంకో పక్క దుప్పటి పట్టుకున్నారు. ఎత్తారు. తిప్పారు. పోతరాజు ఒళ్ళు అటు తిరిగింది, కట్టు జారింది. తుంటి మీద పుండు ఉమాపతిగారి మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆ శాఖలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నారాయన. పడకపుండ్లు ఎన్ని, ఏ జిల్లాలో ఎన్ని శాతం, అన్నీ నోటికొచ్చు. పుండుని చూడడం మాత్రం అదే మొదటిసారి. వాసన గురించి నివేదికల్లో ఎవరూ రాయలేదు.

ఉలిక్కిపడి ఒక్కసారిగా వెనక్కి లేవబోయారు. నడుంలో కలుక్కుమంది. "అమ్మో!" అని వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. తరవాత వార్డంతా వినబడేలా అరిచారు.

"సిస్టర్!"

గవర్రాజు చేతిలోకి పెన్ను తీసుకున్నాడు. "తమరి అక్కగారాండీ, చెల్లెలుగారాండీ? కబురు పంపుతాను."

"నాకు ఎవరూ లేరయ్యా! ఒక్కణ్ణే! నర్సుని పిలవ్వయ్యా, నర్సుని!"

"నర్సంటేనండి..." అని గవర్రాజు నిఘంటువు కోసం చూసేలోగా సువార్త లేచి వచ్చేసింది. ఆడపడుచు హక్కులు స్టూలు మీదే వదిలేసింది. ఆయన్ని మెల్లిగా అరవై తొమ్మిదో మంచం మీదకి చేర్చి, మోకాళ్ళ కింద దిండు పెట్టి, సూది వేసింది. ముందు మాత్రం పోతరాజు పుండు కట్టు సరిచేసి వచ్చింది, ఆయన వంతు ముందుంది గనక.

సంయుక్త సంచాలకులవారిని కనీసం పదిరోజులు అక్కణ్ణుంచి కదపకూడదని డాక్టర్లు చెప్పారు. ఆయనకి తోబుట్టువుల్లేరు, అంటే ఆ మంచానికి నిష్పత్తి సున్నా. మూడేళ్ళలో ఎనిమిది మందిని వెతకలేకపోయిన శాఖ, నాలుగు గంటల్లో వెతికింది. సాయంత్రానికల్లా వ్యాను దిగారు ఎనిమిది మంది నర్సులు, ట్రైనింగయినవాళ్ళు, యూనిఫాముల్లో. వాళ్ళని 'సంయుక్త సంచాలకులవారు కోలుకొనునంత వరకు' వేశారు. విచిత్రమేమంటే ఆ ఆర్డరులో స్టాఫ్ నర్సులు అని ఇంగ్లీషు మాటే ఉంది. అర్థం కాలేదని ఎవరూ అనలేదు.

ఒక మనిషి నడుముకి ఎనిమిది మందెందుకు? సువార్త ఒకర్ని అక్కడ కూర్చోబెట్టి ఏడుగుర్ని వార్డు మీదకి వదిలింది. అప్పటి నుంచీ పోతరాజుని రెండు గంటలకోసారి, అటొకరూ ఇటొకరూ పట్టి, ఎత్తి, తిప్పారు. ఎక్కడా రాపిడి లేదు. నాలుగో రోజుకి పుండు అంచులు మానుముఖం పట్టి ఎర్రబడ్డాయి. ఆరో రోజుకి కొత్త చర్మం సన్నగా లోపలికి పాకడం మొదలెట్టింది. మంగమ్మ తుంటికి కట్టు కుదిరింది. సువార్త ఒక రోజు సెలవు తీసుకుని, ఇంట్లో పట్టపగలు పడి నిద్రపోయింది. ఆస్పత్రంటే ఇలా ఉంటుందన్నమాట అని ఆవిడకి ఆశ్చర్యం వేసింది.

ఆరో రోజు కట్టు కడుతుంటే పోతరాజు అడిగాడు.

"సిస్టరమ్మా, ఆ బాబుగారి నడుం ఎప్పటికి నెమ్మదిస్తది?"

"ఇంకో నాలుగు రోజులు."

"నా పుండు?"

"ఆరు వారాలు పడతది నాన్నా."

పోతరాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆయన మందు... ఒకో పూట మర్సిపోతే?"

వార్డంతా చెవులు రిక్కించింది. మంగమ్మ దగ్గు ఆపేసింది. అరవై ఎనిమిది మంది ఆయన నడుము బాగవకూడదని మొక్కుకుంటున్నారని సువార్తకి తెలుసు. తనకి ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. రెండు రాత్రులై అదే ఆలోచన. మందు కూడా అక్కర్లేదు, కాపడం ఒక పూట ఆలస్యమైతే చాలు.

"నోర్ముయ్," అంది. కోపం ఎవరి మీదో ఆవిడకే తెలియదు. "అలాంటి చేతులతో నీ పుండు కట్టమంటావా?"

వెళ్ళి ఉమాపతిగారికి టైముకి మందేసింది. కాపడం పెట్టింది. కూర్చోబెట్టి, నిలబెట్టి, నాలుగడుగులు నడిపించింది. ఆవిడ చేతి చలవ అలాంటిది, ఆయన ఒక రోజు ముందే, తొమ్మిదో రోజు పొద్దున కర్ర లేకుండా వార్డు చివరి దాకా నడిచారు. పదకొండింటికి ఎనిమిది మందికీ రిలీవింగ్ ఆర్డర్లు వచ్చాయి. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా వాళ్ళ వ్యాను గేటు దాటింది. వెళ్తూ వెళ్తూ ఒక పిల్ల సువార్తని కావలించుకుని ఏడ్చింది.

ఉమాపతిగారు కారెక్కే ముందు కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారు. ఇస్త్రీ బట్టలు, తలకి నూనె, మొహంలో కళ. సువార్త పద్దెనిమిదో మంచానికి ఒక పక్క నిలబడి ఉంది. రెండు చేతుల్లోనూ దుప్పటి కొసలు. అవతల పక్క ఎవరూ లేరు.

"అమ్మా, మీ సేవానిరతి అనన్యసామాన్యము. మీవంటి సోదరీమణులు..."

"పన్నెండైంది సార్. అటుపక్క దుప్పటి పట్టుకోండి."

ఆయన ఖంగు తిన్నారు. చెయ్యి నడుం మీదకి పోయింది. "నా నడుము, అమ్మా, ఇంకనూ..."

"పూర్తిగా బాగైపోయిందని పొద్దున నేనే రాశానండి. కింద మీరు సంతకం కూడా పెట్టారు."

ఆయన గవర్రాజు వైపు చూశారు. గవర్రాజు ఔనన్నట్టు తలూపాడు. ఉమాపతిగారు వంగి దుప్పటి కొసలు రెండూ పట్టుకున్నారు. "మోకాళ్ళు వంచండి, నడుం కాదు. ఒకటి, రెండు, మూడు." పోతరాజు గాల్లోకి లేచి, మెల్లిగా, రాపిడి లేకుండా పక్కకి వాలాడు. కొత్త చర్మం చెక్కు చెదరలేదు. సువార్త దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంది. ఉమాపతిగారు కూడా చూశారు. ఈసారి మొహం తిప్పుకోలేదు.

చేతులు తుడుచుకుని గుమ్మం దాకా నడిచారాయన. బయట కారు స్టార్టయి ఉంది.

"సార్," అని పిలిచింది సువార్త. "మళ్ళీ రెండింటికి తిప్పాలండి. మీకు కుదరకపోతే, మీ బదులు ఒకర్ని పంపండి. ఒక్కళ్ళు చాలు."

ఆయన గుమ్మంలో ఆగి వాచీ చూసుకున్నారు.